సైకిల్ స్టాండు దిక్కు గోడ

పరకాల టాకీసు కాడ ఇరవై రెండేండ్లు ఉన్న,
ఒక్క సినిమా నిండ చూడలే.
గోడకు ఈ దిక్కు నేను, ఆ దిక్కు బొమ్మ.
సైకిల్ సీట్ల మీద సుద్దముక్కతోని నంబర్లు రాసుకుంట
చెవులతోనే చూసిన అన్నీ.

నవ్వుల సినిమా అయితే ఇంక అల్కగ దొరుకుతది.
మొదటి రీళ్లల్ల నవ్వు పేలాల లెక్క,
ఆడొకటి ఈడొకటి.
ఆలస్యమైనోళ్లు చీకట్ల కాళ్లు తొక్కుకుంట కూసునేదాక
లోపల ఎవడో ఒకడు అబద్ధం ఆడే ఉంటడు.
చిన్నదే. అగ్గిపుల్లంత.
అది లేకుంటే ఆట నడ్వది.

తర్వాత దాన్ని దాయనీకె ఇంకొకటి,
ఆ రెంటినీ మొయ్యనీకె ఓ దొంగ మామ, ఓ ఉత్తుత్తి బావమరిది,
ఎవలిదో అరువు కోటు.
నవ్వు అప్పుడు గోడకు తాకుతది,
సున్నం పెళ్లలు రాలుతయి నా బీడీ మీద.
ఎవలో తలుపు తట్టంగనే గంట మోగుతది.
మిర్చి బజ్జీలు పేపర్ల చుట్టుకుంట రజియమ్మ అడుగుతది,
"ఏమాయెనే ఓదెలూ?"
"దొరికిండు. కాని ఇంక దొర్కలే."

ఇంటర్వెల్లు అయినంక నలభై నిమిషాలకు
ఓ జాగ వస్తది.
ఎవ్వలు నవ్వరు.
ఫ్యాన్ల చప్పుడు ఇనస్తది, ఎవలదో పసిపోరడు ఏడుస్తడు.
సినిమాలు రాసుడు సదివొచ్చిన మా అక్క కొడుకు సృజన్
వేళ్లు మడిచి చెప్పిండు:
"మూడు అంకాలు మామా,
ముడేసుడు, బిగించుడు, ఇప్పుడు.
నువ్వు చెప్పేది రెండోదాని అడుగు."
కావచ్చు బిడ్డా.
నేనైతే ఆడికి రాంగనే బీడీ ఆర్పేస్త.

ఎందుకంటే నాది కూడ ఒకటి ఉండె.
శాయంపేటల పిల్లను చూడవోయిన నాడు
"పిలగాడు టాకీసుల మేనేజరు" అన్నడు మా చిన్నాయిన.
నేను అవునన్లే. కాదన్లే.
ప్యాంటు మడత సరిచేసుకున్న.
ఇగ ఏడాది పొద్దు
ఇస్త్రీ అంగి ఏసుకొని పోవుడు,
స్టాండుల ఇప్పి మేకుకు తగిలేసుడు,
రాత్రి మళ్ల తొడుక్కొని ఇల్లు చేరుడు.

ఓనాడు మ్యాట్నీకి చెప్పకుండొచ్చింది సారలక్ష్మి,
ఒక చేత టిఫిను, ఒక చేత చెల్లె.
నేను బనీను మీద, ఒంగి,
ఎవలిదో సైకిలుకు పదిహేడు రాస్తున్న.
ఒకటి పడ్డది. ఏడు పడలే.
లోపల గూడ సరిగ్గా
ఫ్యాన్ల చప్పుడు.

ఆమె చెప్పులు ఇడిచింది,
తెచ్చి నా ముందల పెట్టింది.
"మేనేజరు సారూ,
వీటికి టోకెను ఇయ్యవా?"

గోడ అవతల అప్పుడే గొల్లుమన్నది టాకీసంత.
దేనికి నవ్విన్రో నాకు ఇప్పటికి తెల్వది,
సృజన్ చెప్తనంటడు, వద్దంట.

తెల్లారి నుంచి మాత్రం
నా అంగికి ఇస్త్రీ బందు పెట్టింది.