మోరి

అమీర్‌పేటలో మూడో అంతస్తు.
కింద జావా, పైన ఒరాకిల్, మధ్యలో మా జపనీస్ క్లాసు.
కంపెనీ పంపితే వచ్చినవాళ్ళం, పదకొండు మందిమి.
మొదటి రోజు ఆవిడ బోర్డు మీద
తన పేరు రాసి, తనే చదివింది:
మోరి.

ముందు వెనక వరుస నవ్వింది.
తర్వాత నేనూ.

"మోరి అంటే మా భాషలో అడవి" అంటూ గుర్తు వేసింది,
పైన ఒక చెట్టు, కింద రెండు,
మూడూ ఒకదాన్నొకటి ఆనుకుని.
"మీ భాషలో కూడా ఏదో ఉన్నట్టుంది. ఏమిటది?"

ఏసీ చప్పుడు.
ఎవరో పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టారు.
ఈ ఊళ్ళో పెరిగి
మోరీ అంటే తెలియనివాళ్ళెవరు?

సలోమి వాళ్ళ నాయన మోరీలు తీసేవాడు.
తొమ్మిదో తరగతి, బి సెక్షను, విద్యానగర్.
వానకు రోడ్డు మునిగిన రోజు
సిటీ బస్సు కిటికీలోంచి అందరం చూశాం:
నడుం దాకా నల్లనీళ్ళలో ఆయన,
చేతిలో పొడుగాటి వెదురుబద్ద,
బస్సులో కూతుర్ని గుర్తుపట్టి
చెయ్యెత్తి నవ్వాడు.
ఆమె కూడా చెయ్యెత్తింది.
అదొక్కటే ఆమె చేసింది.

మర్నాటి నుంచి ఆమె పేరు మోరీ.

ఎవరూ కొట్టలేదు. కావాలంటే రాసిపెట్టుకోండి,
ఎవరూ కొట్టలేదు.
నలుగురు పట్టే బెంచీ మీద
ముగ్గురం, ఒక సంచీ.
మధ్యాహ్నం డబ్బాలు విప్పి గుండ్రంగా కూర్చుంటే
ఆ గుండ్రానికి ఎటునుంచి వచ్చినా సందు ఉండేది కాదు.
చింతపండు పులుసన్నం చేతులు మారేది,
ఒకరి ఎంగిలి చెంచా ఇంకొకరి నోట్లో, అంత స్నేహం మాది.
ఆమె నల్లా దగ్గర నిలబడి తినేది,
గోడకేసి తిరిగి, తొందర తొందరగా,
ఎక్కడికో పోయేది ఉన్నట్టు.

"గామెతోని మాట్లాడితే నీతోని గూడ మాట్లాడం."
ఎవరన్నారో గుర్తు లేదు.
నేనే కావచ్చు.

ప్రమీల టీచరుకు అన్నీ కనపడేవి.
ఒకరోజు పక్కకు పిలిచింది, సలోమినే:
"నలుగురితో నారాయణ, గుంపుతో గోవింద.
కొంచెం కలిసిపోవాలమ్మా."
బొట్టు లేని నుదురు దించుకుని
సరే టీచర్ అంది.

గుంపు అని రాసి చూడండి.
నడుమ ఒక సున్న.
అది తీసేస్తే మాటే మిగలదు.
ఆమె మాకు అంత అవసరం.

పదో తరగతి హాజరుపట్టీలో
ఎస్ అక్షరం దగ్గర టీచరు ఆగలేదు.
మేమూ తలెత్తలేదు.

నాలుగో నెలలో మోరి గారు ఒక మాట నేర్పింది:
గాలిని చదవడం.
ఎవరూ చెప్పకుండానే అందరి మనసూ పసిగట్టి
దానికి తగ్గట్టు మసలుకోవడం.
"మా తమ్ముడికి అది రాలేదు" అని
డస్టరు దులుపుతూ ఆగింది.
"రెండేళ్ళు గదిలోంచి బయటికి రాలేదు వాడు.
బడిలో ఎవరూ కొట్టలేదు."

సుద్దపొడి కిటికీ వెలుతుర్లో చాలాసేపు దిగింది.
నాకు మాత్రం చిన్నప్పుడే వచ్చు ఆ చదువు.
అందులో ఎప్పుడూ నూటికి నూరే.

ఆ రోజు హోంవర్కు, మోరి అనే మాటతో ఒక వాక్యం.
మెట్రోలో స్తంభానికి ఆనుకుని, వంకర గీతలతో రాశాను:
"మా క్లాసులో ఒక మోరి ఉండేది."

చివరి మాట చుట్టూ ఎర్ర సున్నతో తిరిగొచ్చింది.
"ఉండటానికి మాకు రెండు క్రియలు.
ప్రాణంతో మెదిలేవాటికి ఒకటి, తక్కినవాటికి ఒకటి.
అడవికి రెండోది పెట్టాలి. మీరు మొదటిది పెట్టారు."

తెలుగులో ఈ తిప్పలు లేవు.
బెంచీ ఉంది.
సంచీ ఉంది.
సలోమి ఉంది.
అన్నిటికీ ఒకటే సరిపోయేది మాకు.

దిద్దుకు రమ్మంది మోరి గారు.
వారం దాటింది.
వాక్యం అలాగే ఉంది.