బిందె నిండేంత సేపు

పద్దెనిమిది పేజీల కథ తిరిగొచ్చింది.
"బాగుందమ్మా. నాలుగు పేజీల్లో ఇవ్వగలవా?"
అని మార్జిన్‌లో ఎర్రసిరా.
అందులో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు.
అందుకే నాకు కోపం ఎక్కువొచ్చింది.

ఉరవకొండ బస్టాండు ఎదురుగా నా డీటీపీ షాపు.
పాసుపుస్తకం అర్జీలు, పెండ్లిపత్రికలు,
కరెంటోళ్ళ మీద ఫిర్యాదులు
పేజీకి ఇరవై లెక్కన కొట్టిపెడతాను.
పేజీ పెరిగితే డబ్బులొచ్చే కుర్చీలో కూర్చుని
పేజీ తగ్గించడం ఎట్ల నేర్చుకునేది?

నాలుగు రోజులకొకసారి నీళ్ళొస్తాయి మా వీధికి.
తెల్లారుజామున వరసగా బిందెలు,
నిద్ర లేవనోళ్ళ తరఫున
ఒక చెప్పు, ఒక రాయి.
ముందు మాబున్ని, సొట్ట మూతి రాగిబిందెతో.
ధార పడ్డాకే కథ మొదలుపెడుతుంది.
అంతకుముందు బెల్లం పెట్టినా నోరు తెరవదు.

"మా బావ గుంతకల్లులో గడియారాలు బాగుచేస్తాండె.
ఎవురో ఇచ్చిపోయిన ఆడోళ్ళ వాచీకి
పదకొండేండ్లు దినామూ కీ ఇస్తానే ఉండె."

బిందె అడుగున నీళ్ళు దబదబమంటున్నాయి.

"ఎందుకు బావా అంటే,
నిలిచిపోతే, వాళ్ళొచ్చినప్పుడు
టైమెంతని చెప్పేదమ్మీ, అనె."

శబ్దం సన్నబడుతోంది.
మా చెవులు రెండు పనులు చేస్తున్నాయి,
ఆమె గొంతునూ బిందె గొంతునూ వింటూ.
ఇంకెంత మిగిలిందో చీకట్లోనూ తెలిసిపోతుంది.

"ఒగ దినం ఒగామె వచ్చె. చీటీ లేదు.
మాట్లాడకుండా చెయ్యి చాపె.
మణికట్టు మీద వాచీ అంత మేర తెల్లగా ఉండాది."

నీళ్ళు మెడ దాకా వచ్చాయి.
మాబున్ని బిందె నడుముకెత్తుకుంది.
"ఇచ్చినాడా మేయ్?" వెనకనుంచి వన్నూరమ్మ.
"నా బిందె నిండె. నీది పెట్టుకో."

పదకొండేండ్లకు మచ్చ మిగులుతుందా అని
ఎవరూ అడగలేదు. అడిగే సందు ఇచ్చిందెక్కడ?
నేనూ ఇంటికొచ్చి పాలు పొంగించుకున్నాకే
ఆ సంగతి తోచింది.
తోచినా ఆ చెయ్యి అట్లే చాపుకుని ఉంది.

ఆ రాత్రి నా కథ ముందేసుకున్నాను.
మొదటి మూడు పేజీలూ వాన రాకపోవడం.
మా జిల్లాలో అది వార్త కూడా కాదు.
తర్వాత రంగప్ప తాత, తాత ఎద్దులు,
ఎద్దుల పేర్లు, ఆ పేర్లు ఎందుకొచ్చాయో.
కథ ఆరో పేజీలో మొదలైందని
రాసిన నాకే అప్పుడు తెలిసింది.
అంటే ఐదు పేజీలు
కొళాయి రాకముందే వాగుతున్నాను.
కొట్టేశాను.
మూడు ఏడుపుల్లో ఒకటి ఉంచాను,
గిన్నెలు కడుగుతూ ఏడ్చేది.
చివర్లో బుద్ధి చెప్పే మేష్టారిని
బళ్ళారి బస్సెక్కించాను. ఆయన దిగలేదు, మంచివాడే.
కొళాయి కింద తడి నాకే కుక్కను మాత్రం
ఎంత తోలినా పోలేదు.
దానికి కథలో పనేమీ లేదు.
కానీ నేల తడవకుండా నీళ్ళు పట్టినోళ్ళెవరు?

ఇంకో తెల్లారి.
"దొంగోడు లోపలికొచ్చి, దీపం ముట్టించి,
మంచం మీద కూసోని..."
కొళాయి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.
సగం బిందె. సగం దొంగ.
నిండుకుండ తొణకదని
చిన్నప్పుడు పలక నిండా రాయించారు మాతో.
మాబున్ని ఎత్తుకుపోయిన ఆ సగం బిందె
సందు మలుపు తిరిగేదాకా
తొణుకుతూ వినబడుతూనే ఉంది.
కథకు ఏ కుండ మేలో
ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

నాలుగున్నర పేజీలు పంపాను.
ఆ అర పేజీ కుక్కది.

మళ్ళీ నీళ్ళొచ్చిన పొద్దున
చింతపండుతో రాగిబిందె తోముతోంది.
పక్కన చతికిలబడి అడిగాను,
"మాబున్నీ, ఆమెకు ఇచ్చినాడా, వాచీ?"

తలెత్తి, చింతపండు చేత్తోనే
ముంగురులు వెనక్కి తోసుకుని
"ఏ వాచీ?" అంది.