చెక్క చెప్పులు

నదుల పేర్లన్నీ నాకు నోటికొచ్చేవి.
సేన్, లువార్, గరోన్, రోన్.
ఏది ఏ కొండలో పుట్టి ఏ సముద్రంలో పడుతుందో
ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని,
ఒక్కటీ చూడకుండానే.

నా బల్ల మీదే కూర్చునేది లియోంతీన్.
తరగతి పొయ్యి మీద చెస్ట్‌నట్ కాయలు దొంగతనంగా కాల్చి
పట్టుబడ్డాక, ఒకటి ఒలిచి
పంతులమ్మ చేతిలోనే పెట్టిన పిల్ల.
గోడవైపు తిరిగి నిలబడమంటే
గోడకే కథ మొదలుపెట్టేది.
మేము లెక్కలు వదిలేసి చెవులు రిక్కించేవాళ్లం.

మే నెలలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు.
తెల్లటి చేతి తొడుగులు, గడ్డం నిండా పొగాకు వాసన.
"ఫ్రాన్స్ నదులు చెప్పమ్మా."
లియోంతీన్ లేచింది. నములుతున్న జడ కొస వదిలింది.

"నాకు తెలిసింది ఒకటేనండీ.
తోళ్ల కార్ఖానా దిగువన బెరడు రంగులో పారుతుంది,
ముక్కు మూసుకోవాలి.
నీటిమరకు ఎగువన మాత్రం
దోసెడు తాగితే పళ్లు జివ్వుమంటాయి.
ఏప్రిల్లో ట్రౌట్ చేప పొట్టకింద
మెల్లగా చెయ్యి పెడితే కదలదు, ఆలోచిస్తుంది.
మిగతా నదుల్లో నేనింకా కాలు పెట్టలేదు.
పెట్టొచ్చి చెప్తాను."

నాకు తుమ్ములాంటి నవ్వొచ్చింది. మింగేశాను.
ఆయన కాగితం మీద సున్నా చుట్టాడు,
గుండ్రంగా, ఓపిగ్గా.
ఎర్ర అట్ట బహుమతి పుస్తకం నాకొచ్చింది.

ఆ సాయంత్రమే నన్ను మర పైకి లాక్కెళ్లింది.
మేజోళ్లు విప్పి, పావడా ఎత్తి దోపి
దిగింది. అమ్మో అంది.
ఇంకో అడుగు వేసి మళ్లీ అమ్మో అంది.
"రావే ఉర్సుల్!"

నా చేతుల్లో తన చెక్క చెప్పులు.
లోపలి గడ్డి ఇంకా వెచ్చగానే ఉంది.
జలుబు చేస్తుంది, అన్నాను.
అమ్మ తిడుతుంది, అన్నాను.
రేపు డిక్టేషన్ ఉంది, అన్నాను.
అన్నీ నిజాలే.

ఆకులు రాలే కాలానికి తను ఊళ్లో లేదు.
లియోన్‌లో పట్టు మగ్గాల దగ్గర చూశామని కొందరు,
గుర్రాల బేరగాడి బండెక్కిందని కొందరు.
ఉత్తరం రాయలేదు.
రాసుంటే నిండా తప్పులే ఉండేవి,
ఒక్కటీ దిద్దేదాన్ని కాను.

ఇప్పుడా బడికి పంతులమ్మని నేనే.
ఏటా నదులు అడుగుతాను.
గడగడా చెప్పిన పిల్లకి పదికి పది వేస్తాను.
వేశాక, కలం పక్కన పెట్టి
కాసేపు ఆ పిల్ల పాదాలకేసి చూస్తాను.

పొడిగా ఉంటాయి.