మూడో నల్లా

యాకుత్‌పురా రైలు పట్టాల అవతల
పసిరికలు వచ్చిన ఇంటికల్లా ఎర్ర చుక్క పెట్టుకుంటూ పోయాను.
మధ్యాహ్నానికి నా కాగితం మీద
గల్లీకి తట్టు పోసినట్టయింది.

కారణం అప్పటికే అందరికీ తెలుసు:
చెరుకురసం అంజిలప్ప.
గానుగకు ఎవరో తాళం వేశారు.
గంపలో నిమ్మకాయలు ఎండుతున్నాయి.
మొదట లెక్క కూడా అదే అంది,
రసం తాగినవాళ్ళే మూడింతలు మంచాన పడ్డారని.

మంచాలను వదిలి
బాగున్నవాళ్ళ తలుపులు కొట్టాను.
"మాకేం రాలేదమ్మా" అని మూయబోతే
అందుకే వచ్చానన్నాను.
మీకెందుకు రాలేదు?

ఫర్జానా బీ నవ్వింది.
"నల్లా ఉంటే గదా! బిల్లు కట్టలేదని కోసి పోయిన్రు.
మసీదు బోరింగు నుంచి మోస్కుంటం."
లేమి ఒక్కసారి ఆమెను కాపాడిన సంగతి
నా ఫారంలో ఏ గడిలో రాయాలి?

రాత్రి లెక్కను రెండుగా చీల్చాను,
మూడో నల్లా నీళ్ళు తాగే ఇండ్లు, తాగని ఇండ్లు.
ఏ కుప్పలో చూసినా
చెరుకురసం తాగినా ఒకటే, తాగకున్నా ఒకటే.
అంజిలప్ప చేసిన నేరమల్లా
నీడ ఉందని ఆ నల్లా పక్కన బండి నిలపడం.

మరి నల్లాదా తప్పు?
రోజు విడిచి రోజు, రాత్రి రెండింటికి వస్తాయి నీళ్ళు.
రానప్పుడు ఖాళీ పైపు
దూప ఆగక పక్కనున్న నాలాను పీలుస్తుంది.
పగిలిన జాయింటు, దాని మీద తిరిగిన ఇసుక లారీలు,
ధార సన్నగిల్లి ఇంటింటా బిగించిన మోటార్లు,
ఈ గల్లీయే లేనట్టు ఎప్పుడో గీసిన
హైదరాబాదు నక్షా...
వేలు ఎక్కడ ఆపాలి?
పానా అందేచోట ఆపుతాం మేము.
దారి ఇంకా చాలా దూరం పోతుందని తెలిసీ.

జాయింటు మార్చారు. చుక్కలు ఆగాయి.

చివరి రోజు రాజనర్సు వచ్చాడు.
భార్య సులోచన, ఏడో నెల.
"అందరం గవే నీళ్ళు తాగినం మేడం.
గదే బిందె, గదే గిలాస.
ఆమెనే ఎందుకు?"
కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ పురుగు గట్టిదని చెప్పాను,
నూటికి ఇంతమంది అని.
అతను నూరుమంది గురించి అడగలేదు.
కాసేపు ఇద్దరం నా కాగితంలో
ఆమె చుక్కను వెతికాం.

తిరిగొస్తుంటే గానుగకు తాళం అట్లనే ఉంది.
నా రిపోర్టు పదకొండో పేజీలో అంజిలప్ప నిర్దోషి.
ఆ పేజీ ఇంగ్లీషులో ఉంది.