శ్రుతి పట్టేవాడు

మా పాటకి నలుగురు కావాలి.
ఎత్తుకోడానికి పొలిక్సెని,
మలుపు తిప్పడానికి థోమా,
కింద ఇద్దరం
ఊపిరి తెగనీకుండా ఒకటే స్వరం.

నా పక్కన నిలబడే లాంబ్రో
మార్చిలో పోయాడు.
సరిహద్దు కంచె అవతలున్న అన్నతో
ఇరవయ్యేళ్ళు
గొర్రెల్ని అదిలించే వంకన మాట్లాడినవాడు.
కంచె తీసేశాక కూడా
మెల్లగా మాట్లాడ్డం వాడికి చాతకాలేదు.

నలభయ్యోనాడు గోధుమలు ఉడకబెట్టాం,
పైన బాదంపప్పు, చక్కెర.
పొలిక్సెని ఎత్తుకుంది.
నా ఒక్కడి గొంతు చాల్లేదు.
దగ్గొచ్చింది.
రాయి జారిన మేకలా ఆమె పాట
గాల్లో కాళ్ళు వెతుక్కుంది.

గుమ్మం దగ్గర, టోపీ చేత్తో పట్టుకుని
లుల్జిమ్. జున్ను లారీ తోలేవాడు,
అల్బేనియా వాడు.
మా గ్రీకులో వాడికొచ్చినవి మూడే మాటలు:
ఎంత, తక్కువ, రేపు.

వాడు నోరు తెరిచాడు.

మాటల్లేని స్వరం కదా,
ఏ భాషలో పట్టాడో ఎవరడుగుతారు?
థోమా తల తిప్పలేదు,
బల్ల మీద కొంచెం జరిగాడంతే.

తర్వాత, గోధుమలు నములుతూ
పాటకి అర్థమేంటన్నాడు.
పొలిక్సెని ఆలోచించింది.
"వాన గురించి," అంది.
కాదు.
నేనేం అనలేదు.