లచ్చివారం వంతు

సోంపేట డయాలసిస్ సెంటర్‌లో
వంతుల పట్టీ గోడకి అంటిస్తే
బారువ సముద్రపు గాలికి వారం తిరక్కుండానే చిరిగేది.
అందుకని ఫోన్‌లో తెరుచుకునేట్టు ఒక పేజీ కట్టాను.
పేరు, రోజు, గంట. అంతా తెలుగే.

బెందాళం తవిటమ్మకి చూపు మసక.
వేలితో తడిమితే ఫోనే చదివి పెడుతుంది.
నా పేజీ దగ్గర మాత్రం నోరు తెరవదు.
పేర్ల మీద మౌనం, రోజుల మీద మౌనం,
అంకె తగిలినప్పుడే ఉలిక్కిపడి "ఫోర్" అంటుంది,
మళ్ళీ చాలాసేపటికి "థర్టీ".
"ఏటి బాబూ, నీ పేజీకి పచ్చవాతం కొట్టిందేటి?" అంది.

తప్పు పేజీ నడినెత్తిన దొరికింది.
ఎవరిదో పాత పేజీకి నకలు తీసి దిద్దుకున్నప్పుడు
మొదటి వరుసలో, కంటికి ఆనని చోట,
భాష: ఈ, ఎన్ అని ఉండిపోయింది.
కింద నూటపన్నెండు పేర్లు
ఒత్తులతో, గుణింతాలతో మొత్తుకుంటున్నా
గొంతు ఆ పైరాతనే నమ్మింది.
ఇంగ్లీషు గొంతుకి మన ఢిల్లేశు ఒక ఖాళీ.
బ్రౌజరూ అంతే, తెలుగు పేజీని ముందుంచుకుని
"తెలుగులోకి మార్చమంటారా?" అని
మర్యాదగా అడిగింది ఓ రోజు.
నవ్వాను. నవ్వినన్నాళ్ళూ దిద్దలేదు.
ఆ వారమే తవిటమ్మ ఒక వంతు తప్పింది.
కాళ్ళు పొంగి ఆటోలో వచ్చింది.

దిద్దడానికి ఎంత పట్టిందని?
టీ, ఈ. రెండక్షరాలు.
గ్లాసులో టీ చల్లారలేదు.

మంచం పక్కన కూర్చుని వినిపించాను.
"బెందాళం తవిటమ్మ. గురువారం. ఉదయం ఆరు గంటలు"
అంది ఫోను, ఏ ఊరిదో తెలియని
చెమట పట్టని తెలుగులో.
గొట్టాలున్న చెయ్యి కదపకుండా విని
"నా పేరు బాగానే పలికింది గానీ
గురువారం ఏటి, లచ్చివారం అనదేటి?" అంది.

టీ, ఈ పక్కన ఇంకేం చేర్చొచ్చో వెతికాను.
దేశానికో గుర్తుంది. లిపికో గుర్తుంది.
మందస కొండమీది సవరకి కూడా మూడక్షరాలున్నాయి.
ఉద్దానానికి లేదు.

లేకపోతే లేదని
ప్రతి గురువారాన్నీ చెరిపి
లచ్చివారం అని కొట్టాను, పదిహేడు చోట్ల.
ఫోను దాన్ని కొంచెం తడబడుతూ
ఒత్తు మీద కాలు జారుతూ చదివింది.
సరిగ్గా పలికిందో లేదో అడుగుదామంటే
తవిటమ్మ నిద్రపోయింది.
మిషను తిరుగుతోంది.