బిగుసుకున్న మర

చిత్తూరు గిరింపేట మూడో సందులో నా కొట్టు.
కుట్టుమిషన్లు, తాళాలు, పంపుస్టవ్వులు,
చేతికొచ్చింది కాదనడని నాకు పేరు.
ఆ మధ్యాన్నం ఫిలోమినా టీచరమ్మ
పాత తుండుగుడ్డలో చుట్టుకొచ్చింది
చదరంగంలో మంత్రి లాంటి కొయ్యబొమ్మను.
తల తిప్పబోతే తిరగదు.

"మిరియాల మర, మొగిలప్పా.
మా అత్త దొరసాని కాడ వంట చేసేది.
ఆమె ఓడెక్కేటప్పుడు
మూడు నెల్ల జీతం బాకీకి
ఇది చేతిలో పెట్టి పోయిందంట."

నవ్వొచ్చింది నాకు.
రోలుండే ఇంట్లో మిరియాలకు మర యాల?
"అదే మేమూ అడిగినాం. ముట్టనిచ్చేది కాదు."

నెత్తిన ఇత్తడి బొడిపె, పచ్చగా చిలుం పట్టి.
పట్టకారుకు గుడ్డ చుట్టి తిప్పినా.
నా మణికట్టు తిరిగింది గాని అది తిరగలే.
మా నాయన అనేవాడు:
తుప్పుతో తగువు పెట్టుకోవద్దురా,
దానికి ఆకలి, నూనె పెట్టు.
కిరసనాయిలు పోస్తే రేపు చారంతా అదే కంపు.
కొబ్బరినూనె మూడు చుక్కలు.
నీవా ఇసుక బాణలిలో వేడిచేసి
మూటగట్టి మెడకు కాపడం.

రెండో దినమూ ఏం లేదు.
మూడో దినం చింతకొయ్య సుత్తితో
అడుగున నాలుగు తట్లు తట్టితే
కిర్రనలే, కీచనలే,
ఊఁ అనింది
లోపలెవరో పక్క మార్చినట్టు.

తల ఊడొచ్చింది. పలకల కడ్డీ జారింది.
పండ్ల చక్రం నిండా నల్లటి గార.
గీకి, నలిపి, ముక్కు కాడ పెట్టుకున్నా.
తుమ్ము.
ఇంకోటి.
టీ బంకు జిలానీ పరిగెత్తుకొచ్చేదాకా తుమ్ములే.

మిరియం కాదిది.
పొగాకు, సున్నం, రవ్వంత నెయ్యి మాగిన వాసన.
మా అవ్వ చీరకొంగు ముడిలో వాసన.
ఆ సున్నమే కరిచి పట్టుకుంది ఇనుమును, ఇన్నేండ్లూ.

నాకు తెలుసు ఆ పెద్దామె.
చర్చిలో ముందు వరస.
నా బీడీని చూసి రోడ్డు అవతలికి నడిచే మనిషి.
రాత్రి పొయ్యి ఆరినాక
రాని మూడు నెల్ల జీతాన్ని
చిటికెడు చిటికెడుగా విసురుకొని
ముక్కుకు ఎక్కించుకునిందన్నమాట!

పచ్చి బియ్యం పోసి తిప్పినా.
నల్లపిండి, బూడిద పిండి,
నాలుగో గుప్పెడికి తెల్లగా రాలింది.

సాయంత్రం టీచరమ్మ అడిగింది,
"ఏముండె లోపల?"
మిరియాలే, అనేసినా. పాత మిరియాలు.
మూత తీసి లోపలికి ముక్కు పెట్టింది.
కాసేపు అట్లనే ఉండింది.
"ఎంతివ్వాల?"
నలభై చాలన్నా.
యాభై ఇచ్చి చిల్లర అడక్కుండా పోయింది.

సందు మలుపులో ఆగి,
అటూ ఇటూ చూసి,
ఒట్టి మరను ఒక్కసారి తిప్పింది.
ఆ తుమ్ము
నా కొట్టుదాకా వినిపించింది.